పదిహేడో నంబరు చర్మం

మదీనాగూడలో మేముండే అపార్ట్‌మెంట్‌కి కొత్త లిఫ్టు పెట్టారు. మేము అన్నది అలవాటు కొద్దీ వచ్చింది, ఉండేది నేనొక్కణ్ణే. ఈ లిఫ్టు మాట్లాడుతుంది. తలుపులు తెరుచుకుంటున్నాయని చెబుతుంది, మూసుకుంటున్నాయని చెబుతుంది, నాలుగో అంతస్తు వచ్చిందన్న సంగతి నాలుగో అంతస్తుకి వచ్చాక చెబుతుంది. అసోసియేషన్ కార్యదర్శికి కాగితం మీద ఫిర్యాదు రాసిచ్చాను. "మిగతా ఎవరూ అనలేదండీ" అన్నాడాయన. మిగతా వాళ్ల ఇళ్లలో వేరే గొంతులుంటాయి కాబట్టి వాళ్లకిది వినపడదు. నా అభ్యంతరం అది మాట్లాడటం గురించి కాదు, జవాబు కోసం ఆగకపోవడం గురించి. కొన్ని రోజులు సాయంత్రానికి చూసుకుంటే నాతో మాట్లాడింది అదొక్కటే అయి ఉంటుంది. అలాంటప్పుడు కాస్త మర్యాదగా ఉండొద్దూ?

నేను రిటైరై రెండేళ్లవుతోంది. ల్యాబుల్లో ఉద్యోగాలకి వెళ్లబోయే పిల్లల కోసం, నా పనిలో మరపురాని విజయం ఒకటి రాసివ్వమని ఈమధ్య ఒక కాలేజీవారు అడిగారు. చాలాసేపు వెతికాను. విజయాలు ఉన్నాయి, కానీ వాటిలో కథేమీ లేదు. మామూలుగా చెయ్యాల్సింది మామూలుగా చేస్తే వచ్చినవి. అందుకని మరపురానిది మాత్రం రాస్తున్నాను. ఒక మనిషి ఒంట్లో మొదలవుతున్న జబ్బు నా కళ్ల ముందుకొచ్చి నిలబడితే, దాన్ని నా చేతి పొరపాటుగా రాసి పక్కన పెట్టిన సంగతి ఇది.

మా ల్యాబు హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం బేస్‌మెంట్‌లో ఉండేది. పైన పదకొండు అంతస్తులూ సాఫ్ట్‌వేర్. కింద కార్లు. మధ్యలో మేము. మందులూ క్రీములూ మనిషి చర్మం మీద ఏం చేస్తాయో పరీక్షించి కంపెనీలకు చెప్పడం మా పని. నా వంతు అందులో చిన్నది. శనగగింజకన్నా చిన్న చర్మం ముక్క మైనపు దిమ్మెలో బిగించి నా దగ్గరకు వస్తుంది. దాన్ని కాగితం కన్నా పల్చటి పొరలుగా కోసి, అద్దం స్లైడు మీద పరిచి, రంగు పట్టించి, మైక్రోస్కోప్ కింద పెట్టి కణాలు లెక్కపెట్టాలి. ముప్పై ఏళ్లు అదే చేశాను. నాకు పెళ్లి కాకపోవడానికి ఇది కారణం కాదని మా అమ్మకు ఎంత చెప్పినా నమ్మలేదు.

అప్పుడు మా చేతిలో ఉన్నది ఒక క్రీము. ఎండ దెబ్బ తగిలిన చర్మాన్ని త్వరగా నెమ్మదింపజేస్తుందని దాని యజమానుల నమ్మకం. వాలంటీర్ల వీపు మీద చిన్న చిన్న చదరాలు గీసి, కొన్నింటి మీద అతినీలలోహిత కాంతి వేసి క్రీము రాసేవారు, కొన్నింటిని వదిలేసేవారు. మూడో రోజు ఒక ముక్క, మూడు వారాలకి ఇంకో ముక్క తీసేవారు. సూర్యుడి గురించి ఇంత పరిశోధన జరిగిన చోట సూర్యుడు ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. దారి లేదు.

మీలో కొందరికి ఇది కొత్త కావచ్చు కనుక కాస్త చెబుతాను. చర్మం పై పొరలో, మామూలు కణాల మధ్య, అన్ని వైపులా కొమ్మలు చాచుకుని కూర్చునే కణాలు కొన్ని ఉంటాయి. బయటినుంచి ఏం వచ్చినా ముందు తడిమి చూసేవి అవే. మేము వాటిని వాచ్‌మెన్లు అనేవాళ్లం. ఎండలోని ఆ కనపడని కాంతి గట్టిగా పడితే పక్కనున్న చర్మకణాల లోపలి డీఎన్ఏ తీగలు తెగుతాయి, కొన్ని కణాలు మాడి చచ్చిపోతాయి. అప్పుడు మన వాచ్‌మెన్లు కొమ్మలు ముడుచుకుని, డ్యూటీ వదిలి, చర్మం లోతుల్లోంచి శోషరస గ్రంథుల దాకా నడిచి వెళ్తారు కబురు చెప్పడానికి. ఈలోగా రక్తంలోంచి వేరే కణాలు దిగుతాయి: కొన్ని మంట పెట్టేవి, కొన్ని చచ్చినవాటిని మింగి శుభ్రం చేసేవి. ఇక్కడ ఒక చిత్రం ఉంది. అదే కాంతి, ఆ గొడవ మరీ పెద్దది కాకుండా అణచివేసే పని కూడా చేస్తుంది. ఒంటికి తన కణాల మీద తనకే కోపం రాకూడదు కదా. రెండు మూడు వారాలకి శిథిలాలు తొలగిపోయి, కొత్త వాచ్‌మెన్లు వచ్చి కూర్చుని, ఏమీ జరగనట్టు ఉంటుంది. మూడో రోజు స్లైడు చూస్తే బంద్ నాడు గొడవ జరిగిన వీధిలా ఉంటుంది. మూడో వారం స్లైడు ఆదివారం మధ్యాహ్నంలా ఉంటుంది. తేడా పట్టుకోవడానికి ముప్పై ఏళ్ల అనుభవం అక్కర్లేదు.

ఇక మా పద్ధతి. ప్రతి స్లైడునీ ఇద్దరు చూడాలి. ఒకరు లెక్కపెట్టింది ఇంకొకరికి తెలియకూడదు. ఇద్దరికీ కుదరకపోతే మూడో మనిషి తీర్పు చెప్పాలి. ఫారంలో మూడు సంతకాలకి మూడు గళ్లు. స్లైడు ఎవరి చర్మమో ముగ్గురిలో ఎవరికీ తెలియకూడదు, నంబరే ఉంటుంది. మైక్రోస్కోప్ కూడా అందుకు తగ్గట్టే రెండు తలలది. ఒకే స్లైడుని ఎదురెదురుగా కూర్చుని ఇద్దరు చూడొచ్చు, వాదించుకోవాల్సి వచ్చినప్పుడు.

వాదించుకోవడానికి నాకొక మనిషి ఉండేవాడు. వరంగల్ కుర్రాడు, నాకంటే పాతికేళ్లు చిన్న. ప్రతి స్లైడుకీ పేచీ పెట్టేవాడు. "పెద్దసారూ, మీరు లెక్కపెడుతున్నారా, ఆశీర్వదిస్తున్నారా?" అనేవాడు. అనుమానం వస్తే చాలు, "మళ్లీ కోద్దాం" అనేవాడు. మళ్లీ కోయడమంటే నలభై నిమిషాలు, రంగుకి ఇంకో పూట. అతని మీద నాకు ఎంత విసుగుండేదో చెప్పలేను. ఒకరోజు రాజీనామా ఇచ్చి అదే భవనంలో ఆరో అంతస్తుకి వెళ్లిపోయాడు. కంప్యూటరు చేత కణాలు లెక్కపెట్టించే కంపెనీ అట. "ఇగ మీతో కొట్లాట లేదు సార్" అని చెయ్యి ఊపాడు. ఎప్పుడైనా లిఫ్టులో కనపడితే నవ్వుకునేవాళ్లం. అతను ఎక్కేవాడు, నేను దిగేవాణ్ణి.

కొత్త మనిషిని వెయ్యమని మేనేజరుని అడిగాను. ఆయన మా గుంటూరు వైపు వాడే, చాలా మర్యాదస్థుడు. "వచ్చేదాకా రెండోది కూడా మీరే చూసెయ్యండి. మీ మీద నాకు నమ్మకమండీ" అన్నాడు. ఒకరి పని రెట్టింపు చేసేటప్పుడు వాడే మాట అది. ఎనిమిది నెలలైనా కొత్త మనిషి రాలేదు.

ఈ పరిస్థితికి నేనొక పద్ధతి కనిపెట్టాను. పొద్దున మొదటి మనిషిగా చూసి నీలం సిరాతో రాసేవాణ్ణి. పెరుగన్నం తిన్నాక రెండో మనిషిగా చూసి నల్ల సిరాతో రాసేవాణ్ణి. నవ్వకండి, తేడా ఉండేది. పొద్దున మనిషి అనుమానస్థుడు. మధ్యాహ్నం మనిషి సర్దుకుపోయే రకం. ఇద్దరికీ పడకపోతే నాలుగు గంటలకి టీ తాగుతూ తీర్పరిగారు వచ్చేవారు. ఆయన ఎప్పుడూ మధ్యాహ్నం మనిషి పక్షమే. రెండో తల మీద దుమ్ము పడకుండా పాత తువ్వాలు కప్పి ఉంచేవాణ్ణి.

ఆ రోజుల్లో ల్యాబులో నాతో మాట్లాడే మనిషి ఒకరే. నేల తుడవడానికి వచ్చే ఆవిడ. నారాయణపేట వైపు. నలభై దాటి ఉండొచ్చు. అంతకు ముందు ఎనిమిదేళ్లు ఆ చుట్టుపక్కల కట్టిన టవర్లకి ఇటుకలూ ఇసుకా మోసిందట. ఇప్పుడు వాటిలోనే తుడుస్తోంది. ఖాజాగూడ చెరువు వెనకాల రేకుల గదిలో ఉంటుంది, కూతురు ఇంటర్ చదువుతోంది. ఇదంతా నేను అడగలేదు. తుడుస్తూ తనే చెప్పేది.

"పొద్దుగాల్నుంచి గా గొట్టంల ఏం జూస్తవు సార్? గంటలు గంటలు?" అంది ఒకరోజు.

నాకేమనిపించిందో, తువ్వాలు తీసి, "కూర్చో అమ్మా, చూద్దువుగాని" అన్నాను. కుర్చీ అంచు మీద కూర్చుంది. ఏ కన్ను మూయాలో తెలీక రెండూ మూసింది మొదట. తర్వాత కనపడింది. మూడో రోజు స్లైడది. వాచ్‌మెన్ల గురించి చెప్పాను, మంట వస్తే వాళ్లు డ్యూటీ వదిలిపోతారని.

"మా సూపర్‌వైజర్ ఐతే ఆప్సెంట్ ఏస్తడు" అంది కళ్లు తియ్యకుండానే. "ఎవలది సార్ గీ తోలు?"

"తెలీదమ్మా. తెలియకూడదు. అదే మా రూలు."

"మనిషి ఎట్లున్నడో గుడ తెల్వదా?"

"అవసరం లేదు. చర్మం చూస్తే చాలు."

ఆవిడ గొట్టానికి ఇంకా దగ్గరగా జరిగింది. అవసరమైన దానికన్నా చాలాసేపు చూసింది. ఆసక్తి అనుకుని సంతోషించాను. ఎదురుగా ఇంకో మనిషి ఊపిరి తీసే చప్పుడు వినబడి ఎనిమిది నెలలైంది మరి.

అది జరిగిన వారంలోనే పదిహేడో నంబరు మూడో వారం స్లైడు నా ముందుకొచ్చింది.

అందరి చర్మం ఆదివారం మధ్యాహ్నంలా ఉంది కదా, ఇది బంద్ నాటి వీధిలా ఉంది. వాచ్‌మెన్లు అక్కడొకరు ఇక్కడొకరు. వెంట్రుక కుదుళ్ల చుట్టూ, రక్తనాళాల చుట్టూ గుండ్రటి చిన్న కణాలు గుంపులు గుంపులుగా మూగి ఉన్నాయి. మూడు వారాలైనా కదల్లేదు. పొద్దున మనిషి నీలం సిరాతో ప్రశ్నార్థకం పెట్టాడు. అదే నంబరు మూడో రోజు స్లైడు తీసి పక్కన పెట్టి చూస్తే, రెండూ ఒకేలా కనిపించాయి.

మధ్యాహ్నం మనిషికి జవాబు వెంటనే తట్టింది. దిమ్మెలు కోసిన రోజు నేనొక్కణ్ణే నలభై కోశాను. రెండుసార్లు కరెంటు పోయి జనరేటర్ మీదికి మారింది, ఏసీ ఆగింది, మైనం మెత్తబడింది. ఆ హడావిడిలో మూడో రోజు దిమ్మెనే రెండుసార్లు కోసి, ఒకదానికి మూడో వారం అని రాసేసి ఉంటాను. మా పనిలో ఈ పొరపాటు అందరూ జీవితంలో ఒకసారి చేస్తారు. ఇలాంటి చర్మం ఒకటి ఉంటుందనుకోవడం కన్నా నేను తప్పు చేశాననుకోవడం తేలిక. అసలు దిమ్మె అలమరాలోనే ఉంది. తీసి మళ్లీ కోస్తే తేలిపోయేది. కానీ ఆ సాయంత్రం రిపోర్టు వెళ్లాలి. తీర్పరిగారు టీ తాగుతూ ఇద్దరి మాటా విన్నారు. "కోతలో పొరపాటు. లెక్కలోకి తీసుకోవద్దు" అని రాసి సంతకం పెట్టారు. నా ఉద్యోగ జీవితంలో నేను వినయంగా ఉన్న సందర్భాలు ఎక్కువ లేవు. గుర్తున్నది అదొక్కటే, అదీ తప్పు.

ముగ్గురం ఏకాభిప్రాయంతో ఇంటికి వెళ్లాం.

తర్వాత ఐదు నెలలు ఏమీ జరగలేదు. క్రీము బాగా పనిచేసిందని తేలింది. కంపెనీ వాళ్లు స్వీట్ల డబ్బా పంపారు. మధ్యలో ఒకరోజు నేల తుడవడానికి వేరే ఆవిడ వచ్చింది. ఈవిడ మాట్లాడదు. పాతావిడ ఏదని అడిగితే "సుస్తయిందంట" అంది. ఎవరికి సుస్తీ చేసినా వేరేవాళ్లు వస్తారు, ఆ భవనంలో అది మామూలే. నేను ఇంకేం అడగలేదు. ఖాజాగూడ మా ల్యాబుకి అరగంట దూరం. వెళ్లొచ్చన్న ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. అంత చనువు ఉందా అని ఆగిపోయాను.

నెలన్నర తర్వాత పాతావిడే తిరిగి వచ్చింది. ముఖానికి చున్నీ చుట్టుకుని ఉంది, బేస్‌మెంట్‌లో. చీపురు పట్టుకున్న వేళ్లు సరిగ్గా ముడుచుకోవడం లేదు.

"ఏమైందమ్మా?"

"ఏమో సార్. కీళ్లు గుంజుతున్నయ్. జొరమొస్తది, పోతది. మా ఇంటికాడి దవాఖానకు పోతె అలర్జీ అని మలాం ఇచ్చిండ్రు." చున్నీ తీసింది. ముక్కు మీదినుంచి రెండు బుగ్గల మీదికీ ఎర్రగా, రెక్కలు విప్పినట్టు పరుచుకుని ఉంది. "మొఖానిది ఏం గాదు సార్. వీపు మీద లైటు పెట్టిన కాడ మచ్చ గుడ ఇంక మానలె. ఆర్నెల్లాయె."

నేను మైక్రోస్కోప్ దగ్గర లైటు ఆపేశాను. "ఏ లైటు?"

ఆవిడ నాలిక కరుచుకుంది. ఆ భవనంలో పనిచేసేవాళ్లు వాలంటీర్లుగా చేరకూడదు, అది నిబంధన. జనాన్ని తెచ్చే ఏజెన్సీ వాడు ఈవిడ పనిని కుట్టుపని అని రాయించాడు. ల్యాబులో ఎవరికీ చెప్పొద్దన్నాడు. అందుకే ఆ రోజు అంతసేపు చూసింది. తన చర్మం దొరుకుతుందేమోనని.

"ఎండ పడదా అని అడిగి ఉంటారు కదమ్మా, చేర్చుకునే ముందు. అలాంటివాళ్లని తీసుకోరు."

"అడిగిండ్రు. ఎండకు పోతె ఒళ్లు మండుతదా, మొఖం ఎర్రగైతదా అన్నరు. లేదన్న."

"నిజంగా అవ్వదా?"

"ఎండల ఇటుకలు మోసెటోళ్లకు మండక ఏమైతది సార్? అందరికి మండుతది. అదొక బీమారని నాకేం తెలుసు?"

ఆ ప్రశ్న తయారుచేసిన కమిటీలో ఎనిమిది మంది ఉన్నారు. ఎండలోకి వెళ్లడం, వెళ్లకపోవడం తమ ఇష్టమైన వాళ్లు అందరూ. కాగితం మీద అది మంచి ప్రశ్నే.

"మీ దగ్గర వాళ్లిచ్చిన కార్డేమైనా ఉందా?" అన్నాను. ఉన్నట్టుండి 'మీరు' అన్నానని నాకు తర్వాత తట్టింది. ఆవిడ రవికలోంచి చిన్న పర్సు తీసి, అందులోంచి ప్లాస్టిక్ కవరులో మడిచిన కార్డు ఇచ్చింది. నంబరు పదిహేడు.

అలమరా దగ్గరకి వెళ్లి ఆ రెండు దిమ్మెలూ తీశాను. మైనపు దిమ్మెలకి ఒక సుగుణం ఉంది: అవి అలుగవు, ఎంతకాలమైనా ఎదురుచూస్తాయి. మళ్లీ కోశాను, రంగు పట్టించాను. మర్నాడు పొద్దున చూస్తే ఏమీ దాచుకోకుండా కనిపించింది. రెండూ ఒక దిమ్మె కావు. ఒకదాంట్లో రెండు వెంట్రుక కుదుళ్లు పక్కపక్కన ఉన్నాయి, ఇంకోదాంట్లో ఒకటే, దాని పక్కన చెమట గ్రంథి. ముందూ అలాగే ఉండి ఉంటాయి. నేను చూసింది మూగిన గుంపుల్ని. అవి ఏ ఇంటి ముందు మూగాయో చూడలేదు.

అయినా నా మాట నాకే నమ్మకం లేదు. మొదటిసారి లిఫ్టులో ఆరో అంతస్తు మీట నొక్కాను. అక్కడ నన్ను సందర్శకుడని రాసి, ఫొటో తీసి, మెడలో బిళ్ళ వేశారు. వరంగల్ కుర్రాడు బయటికొచ్చి చూసి కంగారు పడ్డాడు.

"ఏంది సార్, ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

"లెక్కలోంచి తీసేసిన స్లైడు ఒకటి చూడాలి. పది నిమిషాలు."

"పది నిమిషాలకా ఇంత మొఖం?" అని నాతో దిగి వచ్చాడు. తువ్వాలు తీసి ఎదురుగా కూర్చున్నాడు. పది కాదు, రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఇవి వేరే వేరే దిమ్మెలు సార్. మూడు వారాలకి ఇంత గుంపా? ఇది ఎండ దెబ్బ తగ్గిన చర్మం కాదు. ఒళ్లు తన మీదనే ఎదురు తిరిగినట్టుంది. లూపస్ లాంటిదేమో, చర్మం డాక్టరుకి చూపించాలె." తల ఎత్తాడు. "ఏ పిచ్చోడు తీసేసిండు దీన్ని లెక్కలోంచి?"

నేను ఫారం జరిపాను. మూడు గళ్లలో మూడు సంతకాలు చూశాడు. ఫారం తిరిగి నా ముందు పెట్టాడు. లేచి వెళ్లేటప్పుడు, "ఆరంతస్తులే గద సార్" అన్నాడు.

మేనేజరు దగ్గరకి వెళ్లాను. ఆయన అంతా శ్రద్ధగా విన్నాడు. "ఆవిడకి మనం వైద్యం చేయిద్దామండీ, మానవత్వం కొద్దీ. రిపోర్టు జోలికి మాత్రం ఎందుకు? వెళ్లిపోయింది కదా. ఇప్పుడు కదిపితే ఏమవుతుంది? భవనంలో మనిషిని చేర్చుకున్న సంగతి బయటపడుతుంది, మీ మూడు సంతకాలూ బయటపడతాయి. ఒక సంవత్సరంలో హాయిగా రిటైరయ్యేవారు..."

"రిపోర్టులో ఆ స్లైడు లేదు కాబట్టి ఆ క్రీము ఇలాంటి వాళ్లకీ మంచిదేనని రాసి ఉందండీ. అది డబ్బా మీద కూడా రాస్తారు."

ఆయన కిటికీ వైపు చూశాడు. అలవాటు కొద్దీ. బేస్‌మెంట్‌లో కిటికీ లేదు, క్యాలెండరు ఉంది.

నేను నా సీటుకొచ్చి రెండు పేజీలు రాశాను. ఏ రోజు ఏం చూశానో, ఏం అనుకున్నానో, ముగ్గురి పేరుతో ఎవరు సంతకం పెట్టారో. ఒక కాపీ ఎథిక్స్ కమిటీకి, ఒకటి క్రీము కంపెనీకి. ధైర్యం అనుకోకండి. కణాలు లెక్కపెట్టడం తప్ప ఇంకేమీ రాని మనిషికి, ఒకటి తక్కువ లెక్కపెట్టానని తెలిశాక వేరే దారి ఉండదు. ఆ అధ్యయనం మళ్లీ తెరిచారు. క్రీము డబ్బా మీద ఒక హెచ్చరిక పెరిగింది. ఆర్నెల్ల తర్వాత నన్ను గౌరవంగా, శాలువాతో, గడువుకి కాస్త ముందే ఇంటికి పంపారు. శాలువా మంచిదే.

ఆవిణ్ణి పెద్ద ప్రభుత్వ దవాఖానకి నేనే తీసుకెళ్లాను, రెండు స్లైడులూ జేబు రుమాల్లో చుట్టి. అక్కడి చర్మం డాక్టరమ్మ స్లైడు చూసింది, మొహం చూసింది, రక్తానికీ మూత్రానికీ రాసింది. నాలుగు రోజుల తర్వాత రమ్మంది. లూపస్. మూత్రంలో ప్రోటీన్ పోతోంది. కిడ్నీల దాకా వచ్చింది.

"ఆ లైటు వల్లనా?" అని అడిగాను ఆవిడ బయటికి వెళ్లాక.

"జబ్బు లైటు పెట్టింది కాదు. లోపల ఉన్నదాన్ని లేపి ఉండొచ్చు."

"ఆర్నెల్ల ముందు తెలిసి ఉంటే?"

డాక్టరమ్మ చీటీ రాయడం ఆపలేదు. "కిడ్నీలు దక్కేవేమో. ఏమో అంటున్న. కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు కూడా మందులు సరిగ్గా వాడితే మనిషి బతుకుతది. ఎండ మాత్రం బంద్."

బయట వరండాలో చెక్క బెంచీ మీద ఆవిడ కూర్చుని ఉంది, చీటీల కవరు ఒళ్లో పెట్టుకుని. కూతురు మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడింది. పక్కన కూర్చున్నాను. నాకు మాటలు కూర్చుకోవడం ఎప్పుడూ కష్టమే. ఆ రోజు మరీను. అయినా మొత్తం చెప్పాను. స్లైడులో కనపడిందని. దిమ్మె రెండుసార్లు కోశాననుకున్నానని. మళ్లీ కొయ్యలేదని. అక్కర్లేదని రాసింది నేనేనని.

ఆవిడ ఒళ్లో ఉన్న చీటీల కవరు అంచులు సరిచేసుకుంది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"మీ ల్యాబుల ఒక్కలే చూస్తరా సార్? ఇంకెవలు చూడరా?"

"ఇద్దరు చూడాలమ్మా. ఇద్దరికీ పడకపోతే మూడో మనిషి."

"మరి గా రెండో ఆయనేమన్నడు?"

"రెండోది కూడా నేనే."

"మూడో ఆయన?"

"నేనే."

ఆవిడ నా వైపు తిరిగింది. చున్నీ జారితే ఆ ఎర్రటి మొహం పూర్తిగా కనపడింది. అందులో కోపమేమీ లేదు; నాకు బాగోలేదేమోనని చూస్తున్నట్టుంది.

"అదేంది సార్," అంది. "నీకెవ్వలు లేరా?"